ఊపిరితిత్తిలో నెలవంక

మణుగూరులో మా వీధి చివర ఒక విశ్రాంత గని కార్మికుడు కలడు. ముప్పది యేండ్లు బొగ్గుగనులలో పనిచేసినవాడు. మధ్యలో క్షయ సోకి, మందులు మింగి, కోలుకొన్నవాడు. ఒకనాటి సాయంకాలము అతడు గుడ్డసంచిలో భద్రపరచిన మూడు ఎక్స్-రే ఫిలుములు తీసికొని నా యింటికి వచ్చెను. నేను వైద్యుడను కాను, కళాశాలలో భౌతికశాస్త్రము చెప్పువాడను అని అతనికి తెలియును. అయినను ఒక ఫిలుమును కిటికీ వెలుతురునకు ఎత్తిపట్టి, "సారూ, ఇందుల తెల్లగున్నది రోగమా, నల్లగున్నది రోగమా?" అని అడిగెను.

ప్రశ్న చిన్నదే. జవాబు మాత్రము చిన్నది కాదు. ఎక్స్-కిరణములు గాలిని సులభముగా దాటిపోవును. దాటివచ్చి తాకినచోట ఫిలుము నల్లబడును. ఎముక, కండ, రక్తము, నీరు వానిని కొంతవరకు అడ్డగించును. అచ్చట ఫిలుము తెల్లగా మిగులును. ఆరోగ్యముగా ఉన్న ఊపిరితిత్తి నిండ గాలియే కనుక అది నల్లగా కనిపించవలెను. అంతవరకు తెలుపే రోగమని చెప్పవచ్చును. కాని క్షయ ఊపిరితిత్తిని తొలిచి గుల్ల చేసినప్పుడు ఆ గుల్లలో ఉండునదియు గాలియే. అప్పుడు నలుపే రోగమగును. ఆ గుల్లలో బూజు పెరిగి ఉండకట్టినప్పుడు నల్లని గుల్ల నడుమ తెల్లని బంతియు, ఆ బంతికి పైన సన్నని నల్లని నెలవంకయు కానవచ్చును. అప్పుడు రోగము తెలుపులోను లేదు, నలుపులోను లేదు. అవి ఒకదానినొకటి ఆనుకొని నిలిచిన తీరులో ఉన్నది. ఆ తీరును గుర్తించుట మనుష్యులు ఎట్లు నేర్చిరి, ఇప్పుడు యంత్రములకు ఎట్లు నేర్పుచున్నారు అనునది ఒక చిన్న చరిత్ర.

ఈ బూజునకు పేరు పెట్టినవాడు ఇటలీలోని ఫ్లారెన్సు నగరపు వృక్షశాస్త్రజ్ఞుడు మికేలి. సూక్ష్మదర్శినిలో చూడగా ఆయనకు సన్నని కాడ, కాడ చివర గుండ్రని తల, తల చుట్టు వరుసలు తీర్చిన సిద్ధబీజములు కనిపించెను. క్రైస్తవ దేవాలయములలో పవిత్రజలము చిలుకరించు సాధనము ఆయనకు స్ఫురించెను. దాని లాటిను పేరునుబట్టి 1729లో ప్రకటించిన గ్రంథములో ఈ బూజును ఆస్పర్‌జిల్లస్ అని పిలిచెను. మికేలి మన తెలుగునాట పుట్టియుండినచో పుణ్యాహవాచనపు మామిడాకుల కట్ట పేరు పెట్టియుండును కాబోలు.

ఈ బూజు లేని తావు లేదు. తడిసిన గడ్డివాములో, పెంటపోగులో, చెమ్మగిల్లిన గోడపై పెరుగును. దాని సిద్ధబీజములు మిల్లీమీటరులో వేయింట రెండు మూడు వంతుల పరిమాణము మాత్రమే కలవి. గాలిలో తేలి ఊపిరితిత్తుల లోలోపలి వరకు పోగలవు. మనమందరము ప్రతిదినము వందలకొలది పీల్చుచునే ఉన్నాము. ఆరోగ్యవంతుని శరీరములోని రక్షకకణములు వానిని వెంటనే మ్రింగివేయును. కనుక భయపడవలసినది లేదు. రక్షణ సడలినవారికి, లేదా ఊపిరితిత్తిలో ఖాళీ గది ఏర్పడినవారికి మాత్రమే ఇది శత్రువగును.

మానవుని ఊపిరితిత్తిలో బూజును మొదటిసారి చూచి వర్ణించినవారిలో ముఖ్యుడు ఎడింబరోకు చెందిన జాన్ హ్యూస్ బెన్నెట్. 1842లో ఆయన పరీక్షించిన రోగికి అంతకుముందే క్షయ ఉండెను. అనగా, క్షయ తొలిచిన యింటిలో బూజు కాపురముండునను సంగతి మొదటి దినముననే మన కన్నుల ఎదుట ఉన్నది. దాని అర్థము తెలియుటకు మరి నూరేండ్లు పట్టెను. 1856లో జర్మనీలో విర్కో మరికొందరి ఊపిరితిత్తులలో ఈ బూజును సూక్ష్మదర్శినిలో చూచి స్పష్టముగా వర్ణించెను. 1863లో జర్మనీలోనే ఫ్రెసీనియస్ అను పండితుడు మన బట్టమేక పిట్ట జాతికి చెందిన ఒక పక్షి ఊపిరితిత్తులలో పొగరంగు బూజును కనుగొని, దానికి ఫ్యూమిగేటస్ అని పేరుపెట్టెను. మనుష్యులను అధికముగా పీడించునది ఈ పొగరంగు జాతియే.

పారిసు నగరపు పావురముల కథ మరింత విచిత్రము. అంగడికి పంపు పావురములను బలిపించుటకై కొందరు కూలివారు గింజలను తమ నోటిలో నింపుకొని, పావురము ముక్కులో ముక్కుంచి ఊదుచుండిరి. వారికి దగ్గు, రక్తము పడుట, చిక్కిపోవుట కనిపించెను. అందరును క్షయ యనుకొనిరి. 1890లో డ్యులాఫోయ్, షాంత్‌మెస్, విదాల్ అను ముగ్గురు ఫ్రెంచి వైద్యులు అది గింజల బూజువలన వచ్చిన వ్యాధియని చూపిరి. క్షయవలె నటించుట ఈ బూజునకు పుట్టుకతో వచ్చిన విద్య. ఈ మాటను పాఠకులు జ్ఞాపకముంచుకొందురు గాక. ముందు మరల అవసరమగును.

1895 నవంబరు 8న రాంట్‌జెన్ ఎక్స్-కిరణములను కనుగొనెను. ఆ యేడే జనవరి 12న భీమవరములో ఒక శిశువు జన్మించెను. అతని ప్రస్తావన తరువాత వచ్చును. ఎక్స్-కిరణములు కొద్ది యేండ్లలోనే క్షయ చికిత్సాలయములకు చేరెను. మన ప్రాంతమున 1915లో మదనపల్లె సమీపమున ఆరోగ్యవరములో వెలసిన క్షయ ఆరోగ్యాలయము ప్రసిద్ధమైనది. అయితే పెద్ద ఫిలుము ఖరీదైన వస్తువు. ఊరంతటికి తీయుట సాధ్యము కాదు. 1936లో బ్రెజిలు వైద్యుడు అబ్రూ ఒక ఉపాయము కనిపెట్టెను: కిరణములు పడి వెలుగు తెరను మామూలు కెమెరాతో చిన్న ఫిలుముపై ఫొటో తీయుట. దీనితో జనసమూహములను పరీక్షించుట సాధ్యమయ్యెను. 1955 నుండి 1958 వరకు మన దేశమున జరిగిన క్షయ సర్వేలో ఇట్టి చిన్న ఫిలుములనే వాడిరి. ఆరు ప్రాంతములను ఎన్నుకొనగా వానిలో హైదరాబాదు, మదనపల్లె రెండును మన తెలుగు ప్రాంతములే. క్షయ పట్టణములకే పరిమితమను నమ్మకమును ఆ సర్వే వమ్ముచేసెను. పల్లెలలోను అంతే ఉన్నదని తేలెను.

అదే కాలమున మంచి మందులు వచ్చెను. క్షయ నయమగుట ప్రారంభించెను. సూక్ష్మజీవి చచ్చెను, రోగి బ్రతికెను, గుల్ల మాత్రము మిగిలెను. ఇంతకు ముందు గుల్ల ఉన్న రోగి చాల కాలము బ్రతుకుటయే అరుదు. ఇప్పుడు అట్టివారు వేలకొలది ఇండ్లకు తిరిగి వెళ్ళిరి. ఖాళీగా ఉన్న ఆ గదులలోనికి బూజు ప్రవేశించెను. బ్రిటనులో క్షయ నయమై, రెండున్నర సెంటీమీటర్లకు తక్కువ కాని గుల్ల మిగిలిన 544 మందిని పరీక్షించి 1968లో ఫలితములు ప్రకటించిరి. వారిలో నూటికి 25 మంది రక్తములో ఈ బూజునకు విరుగుడు పదార్థములు కనిపించెను. నూటికి 11 మంది ఎక్స్-రేలో బూజుబంతి కనిపించెను. వారినే మరల పరీక్షించి 1970లో ప్రకటించినప్పుడు ఆ సంఖ్యలు 34కు, 17కు పెరిగెను. గుల్ల ఉన్నంత కాలము ప్రమాదము పెరుగుచునే ఉన్నదన్నమాట.

ఇక్కడనే అసలు చిక్కు వచ్చుచున్నది. క్షయ తిరిగి వచ్చినను దగ్గు, రక్తము పడుట, బరువు తగ్గుట. బూజు పట్టినను అవే. కళ్ళెలో క్షయక్రిమి కనిపించకపోయినను, పాత మచ్చలున్న ఎక్స్-రేను చూచి మరల క్షయ మందులే మొదలుపెట్టుట ప్రపంచమున పలుచోట్ల జరుగుచున్న పొరపాటు. క్షయ మందులు బూజును ఏమియు చేయజాలవు. అంతకంటె విచారకరమైన సంగతి మరియొకటి కలదు. బూజునకు సాధారణముగా ఇచ్చు మందు ఇట్రకొనజోల్. దానిని ఆరు నెలలో, అంతకంటె ఎక్కువయో వాడవలెను. క్షయ మందులలో ముఖ్యమైన రిఫాంపిసిన్ ఈ మందును రక్తములో నిలువనీయదు. ఒక రోగమనుకొని ఇచ్చిన మందు రెండవ రోగపు మందును కూడ చెడగొట్టునన్నమాట. 2014లో చండీగఢు, మాంచెస్టరు పరిశోధకులు వేసిన అంచనా ప్రకారము 2011 నాటికి మన దేశమున దీర్ఘకాలిక ఆస్పర్‌జిల్లస్ వ్యాధితో ఉన్నవారు సుమారు 2 లక్షల 90 వేలమంది. అది అంచనాయే; ఒక్కొక్కరిని లెక్కపెట్టినది కాదు. కాని క్షయభారము అన్ని దేశములకంటె అధికముగా మోయుచున్న దేశమున ఆ సంఖ్య ఆశ్చర్యము గొలుపదు.

బొగ్గు ప్రాంతమువారికి మరియొక సంగతి చెప్పవలెను. 1889లో ఇల్లెందు ప్రాంతమున ప్రారంభమైన త్రవ్వకములు క్రమముగా గోదావరి లోయ వెంబడి వ్యాపించి మణుగూరు వరకు వచ్చినవి. బొగ్గుదుమ్ము, ఇసుకరాతి దుమ్ము ఏండ్ల తరబడి పీల్చినవారి ఊపిరితిత్తులలో మచ్చలు ఏర్పడును. కొందరిలో అవి కలిసి పెద్ద గడ్డలై, నడుమ కరిగి గుల్లలు కూడ అగును. అట్టి గుల్లలను బూజు విడిచిపెట్టదు. 1955 నాటి గనుల నియమములలో కార్మికులకు నిర్ణీత కాలములందు రొమ్ము ఎక్స్-రే తీయు ఏర్పాటు తరువాత చేర్చబడెను. ఈ ఫిలుములను చదువుటకు అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒక పద్ధతిని ఏర్పరచినది. వైద్యుడు తన ఇష్టము వచ్చినట్లు చదువరాదు. ప్రామాణిక ఫిలుములను ప్రక్కన పెట్టుకొని, మచ్చల సాంద్రతకు 0 మొదలు 3 వరకు అంకెలు వేయవలెను. బట్టల దుకాణములో రంగు సరిచూచుటకు పాతముక్క పట్టుకొనిపోవునట్లే ఇదియును. దృశ్యమును అంకెగా మార్చుటకు ఇది ఒక తొలిమెట్టు.

ఎందుకింత కట్టుదిట్టము? మనిషి కన్ను మనము తలచినంత నమ్మకమైనది కాదు కనుక. అమెరికాలో యుద్ధానంతరము క్షయ పరీక్షలకు ఏ పరిమాణపు ఫిలుము మేలో తేల్చుటకు ఒక పరిశోధన చేసిరి. గణాంకశాస్త్రజ్ఞుడు యెరుషాల్మి అందులో పాల్గొనెను. అనుభవజ్ఞులైన అయిదుగురు వైద్యులు ఒకే ఫిలుములను విడివిడిగా చదివిరి. 1947లో వెలువడిన ఫలితము వైద్యలోకమును కలవరపెట్టెను. ఫిలుముల పరిమాణముల మధ్య ఉన్న తేడాకంటె వైద్యుల మధ్య ఉన్న తేడా ఎక్కువ! అంతకంటెను వింత, అదే వైద్యుడు అదే ఫిలుమును కొంతకాలము తరువాత మరల చదివినప్పుడు తన మాటను తానే కాదనుట. ఇట్టి పరిశోధనలనుబట్టి ఉన్న మచ్చలలో సుమారు మూడింట ఒక వంతు చదువరి దృష్టిని తప్పించుకొనుచున్నదని తేలెను. జవాబు పత్రములు దిద్దు ఉపాధ్యాయులకు ఈ సంగతి అంతగా ఆశ్చర్యము కలిగింపదనుకొందును. ఇద్దరు చదివిన మేలని నాడు నిశ్చయించిరి. ఆ రెండవ చదువరి యంత్రమే ఏల కారాదను ఆలోచనకు బీజము ఇదియే.

ఇప్పుడు భీమవరపు శిశువు సంగతి. అతడే యల్లాప్రగడ సుబ్బారావు. అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నాయకత్వమున తయారైన ఫోలికామ్ల ప్రతిరోధకములతో 1948లో బోస్టనులో ఫార్బర్ రక్తక్యాన్సరు పిల్లలకు చికిత్స చేసెను. 16 మందిలో 10 మందికి తాత్కాలికముగానైనను గుణము కనిపించెను. ఆ యేడే ఆగస్టులో సుబ్బారావు మరణించెను. 1953లో ఒక శిలీంధ్రజాతికి ఆయన గౌరవార్థము సుబ్బారోమైసిస్ అని పేరుపెట్టిరి. అది మన కథలోని దుష్టబూజు కాదు. ఈ చికిత్సామార్గము లక్షలమందిని బ్రతికించినది. కాని క్యాన్సరు మందులు తెల్లరక్తకణములను తగ్గించును. కాపలావారు తగ్గిన ఇంటిలోనికి పొగరంగు బూజు గుల్ల లేకపోయినను చొచ్చుకొనిపోవును. ఇది నెలలు పట్టు రోగము కాదు. దినములలో ప్రాణము తీయును.

దీనిని పట్టుటకు ఎక్స్-రే చాలదు. 1971లో హౌన్స్‌ఫీల్డు నిర్మించిన సి.టి. యంత్రము శరీరమును పలుచని పొరలుగా చూపెను. 1985లో బాల్టిమోరులోని జాన్స్ హాప్కిన్స్ వైద్యులు రక్తక్యాన్సరు రోగుల చిత్రములలో ఒక గుర్తును వర్ణించిరి: తెల్లని ముద్ద, దాని చుట్టు పలుచని మబ్బువంటి వలయము. బూజు రక్తనాళమును ఛేదించినందున ముద్ద చుట్టు చిమ్మిన రక్తమే ఆ వలయము. వానకు ముందు చంద్రుని చుట్టు వరదగుడి కట్టుట మనము ఎరుగుదుము గదా, అట్లే ఉండును. తరువాత కొన్ని వారములకు తెల్లకణములు కోలుకొన్నప్పుడు చచ్చిన భాగము ముడుచుకొని, దానిపై నెలవంక ఏర్పడును. క్షయగుల్లలోని బూజుబంతికి పైన ఉన్నదియు నెలవంకయే. ఆకారము ఒకటే, అర్థములు రెండు. రోగి ఎవరో తెలియక చిత్రమును మాత్రమే చూచువాడు, వాడు మనిషియైనను యంత్రమైనను, ఇక్కడ మోసపోవచ్చును.

యంత్రమునకు చూపు నేర్పు ప్రయత్నము 1963 నాటిదే. అమెరికాలోని మిస్సోరిలో లాడ్విక్ అను ఎక్స్-రే వైద్యుడు ఊపిరితిత్తుల క్యాన్సరు చిత్రములలోని లక్షణములను అంకెలుగా వ్రాసి కంప్యూటరుకు ఇచ్చెను. చూచినవాడు మనిషి, లెక్క వేసినది యంత్రము. 1980లలో షికాగోలో కునియో దోయి బృందము యంత్రమే అనుమానపు చోటులను చూపి, తీర్పును వైద్యునికి విడుచు పద్ధతిని పెంపొందించెను. 1980లోనే జపానులో ఫుకుషిమా మెదడులోని దృష్టికణముల పొరలను పోలిన లెక్కల వలయొకటి ప్రతిపాదించెను. 1995లో వాషింగ్టనులోని జార్జిటౌను పరిశోధకులు అట్టి వలను ఊపిరితిత్తుల ముద్దలను గుర్తించుటకు ఉపయోగించిరి. 2012లో టొరాంటో పరిశోధకుల వల సామాన్య ఛాయాచిత్రములను గుర్తించు పోటీలో అందరిని వెనుకకు నెట్టగా, ఈ మార్గమే రాజమార్గమయ్యెను. ఇప్పుడు కృత్రిమ మేధ యని మనము వినుచున్నదానిలో చిత్రములకు సంబంధించిన భాగము చాలవరకు దీనినుండి వచ్చినదే.

ఇందులో మాయ ఏమియు లేదు. తొమ్మిదవ తరగతి విద్యార్థికి గ్రాఫు కాగితముపై చూపవచ్చును. చిత్రమును చిన్న గడులుగా విభజించి ప్రతి గడిలోని తెలుపునకు ఒక అంకె వేయవలెను. నలుపు 0, తెలుపు 255. ఒక వరుసలో 20, 20, 20, 180, 180, 180 ఉన్నవనుకొనుడు. ప్రతి అంకెనుండి దాని ఎడమ అంకెను తీసివేయగా 0, 0, 160, 0, 0 వచ్చును. 160 వచ్చినచోట నలుపు ముగిసి తెలుపు మొదలైనదన్నమాట, అంచు దొరికినది. ఇట్టి చిన్న లెక్కను చిత్రమంతటిపై జరుపుచు పోయినచో అంచుల పటము వచ్చును. ఆ పటముపై మరియొక లెక్క జరిపినచో వంపులు, దానిపై మరియొకటి జరిపినచో వలయములు, నెలవంకలు దొరకును. ఏ లెక్క వేయవలెనో మనము చెప్పము. ముందుగా తోచిన గుణకములు పెట్టి, యంత్రము చెప్పిన జవాబును వైద్యుని జవాబుతో పోల్చి, తప్పిన మేరకు గుణకములను కొంచెము కొంచెము సవరించుచు పోవుదుము. వేల చిత్రములతో లక్షలమారులు సవరించినచో యంత్రము ఆరితేరును.

అయితే వైద్యుడు సరియైన జవాబు వ్రాసిపెట్టిన చిత్రములు వేలు కావలెను. చిక్కంతయు అక్కడనే. 2017లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ 1,12,120 రొమ్ము ఎక్స్-రే చిత్రములను, 14 రకముల లక్షణముల పేర్లతో లోకమునకు విడుదల చేసెను. ఆ పదునాలుగింటిలో బూజువ్యాధి లేదు. బడిలో చెప్పని పాఠమును విద్యార్థి వ్రాయలేడు గదా. సి.టి. చిత్రములలో బూజును గుర్తించు ప్రయత్నములు ఇటీవల పలుచోట్ల జరిగినవి కాని చాలవరకు ఒకటి రెండు ఆసుపత్రుల రోగులతో జరిగినవే. మెల్బోర్ను పరిశోధకులు మరియొక త్రోవ తొక్కిరి: 2014లో వారు చిత్రములను విడిచి, వైద్యులు వ్రాసిన సి.టి. నివేదికల వాక్యములనే యంత్రముచేత చదివించి బూజు అనుమానమున్న రోగులను ఏరించిరి. ఈ ఉపాయము నాకు తెలివైనదిగా తోచుచున్నది. చూచు పనిని మనిషికే ఉంచి, మరచిపోకుండ చూచు పనిని యంత్రమునకు ఇచ్చుట.

యంత్రము అడ్డదారిని కూడ పట్టును. 2018లో న్యూయార్కు పరిశోధకులు ఊపిరితిత్తుల వాపును గుర్తించు వలను పరీక్షించి, అది చిత్రము ఏ ఆసుపత్రి నుండి వచ్చినదో కూడ పసిగట్టుచున్నదని కనుగొనిరి. ఒక ఆసుపత్రిలో రోగులు ఎక్కువ. ఫిలుము మూలనున్న లోహపుగుర్తు వంటి ఆనవాళ్ళు చూచినచో జవాబు ఊహించవచ్చును. పాఠము చదువక, ప్రశ్నపత్రము ఎవరు తయారుచేసిరో కనుగొని ఉత్తీర్ణుడగు విద్యార్థి వంటిదే ఇదియు. అతడు బడి మారినప్పుడు బండారము బయటపడును.

2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ 15 ఏండ్లు, ఆపై వయసువారిలో క్షయ అనుమానితులను ఏరుటకు ఇట్టి యంత్రపఠనమును అంగీకరించెను. 2024 డిసెంబరు 7న మన దేశమున ప్రారంభమైన నూరు దినముల క్షయ ఉద్యమములో చేతితో మోసికొనిపోదగిన ఎక్స్-రే యంత్రములు, వానితోపాటు కృత్రిమ మేధయు పల్లెలకు వెళ్ళెను. రేడియాలజిస్టు అందుబాటులో లేని అడవి గూడెమునకు ఇది మేలే. నేను దీనిని తక్కువచేయను. కాని 2021లోనే ఢాకాలో సుమారు 24 వేలమంది చిత్రములతో అయిదు యంత్రములను పరీక్షించినప్పుడు, పూర్వము క్షయ వచ్చి పోయినవారి విషయమున వాని తీర్పు బలహీనపడినట్లు తేలెను. పాత మచ్చను కొత్త రోగముగా భ్రమించుట దీనికి ముఖ్యకారణము. బూజు కాపురముండునది సరిగా ఆ పాత మచ్చలలోనే! పారిసు వైద్యులకు ముందు అందరును చేసిన పొరపాటును యంత్రము మరల చేయునేమోనను శంక నన్ను విడుచుట లేదు. క్షయ యంత్రము ఎక్కువ అంకె చూపి, కళ్ళెలో క్షయక్రిమి లేదని తేలినప్పుడు, "అయినచో ఇది మరేమి?" అని అడుగు మనిషి ఒకడు ఉండవలెను. అట్టివారికి ఆస్పర్‌జిల్లస్ విరుగుడు పదార్థమునకై చేయు రక్తపరీక్షయు, సి.టి. చిత్రమును మార్గము చూపును. 2022 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ మొదటిసారిగా ప్రమాదకర శిలీంధ్రముల జాబితా ప్రకటించినప్పుడు 19 శిలీంధ్రములలో పొగరంగు ఆస్పర్‌జిల్లస్‌ను అగ్రశ్రేణిలో చేర్చెను. ఒక యేడు ముందే మ్యూకర్ బూజు దేశమున 45 వేలమందికి పైగా సోకి, ఎక్కువగా ముక్కును, కన్నును పాడుచేసి, బూజు అను మాటకు మనకు భయము నేర్పియుండెను.

మా వీధి కార్మికుని ఫిలుములను నేను చదువలేదు. చదువుట నా పని కాదు. తెలుపు, నలుపుల సంగతి మాత్రము పైన వ్రాసినట్లే చెప్పితిని. మందులు ముగిసి ఏండ్లు గడచినను ఈ మధ్య రెండుమారులు దగ్గులో రక్తపు చార కనిపించినదని అతడు అప్పుడు చెప్పెను. క్షయ విభాగమునకు మరల పోవలసినదని, వచ్చి పోయిన క్షయ మాటను, గని పని మాటను మొదటనే చెప్పవలసినదని చెప్పితిని. లేచుచు, "పాతవి రెండు పారేస్తా సారూ, కొత్తది చాలు గదా?" అనెను. వలదంటిని. గుల్ల ఎప్పుడు ఏర్పడినది, అప్పుడు ఖాళీగా ఉన్నదా, గోడ మందమైనదా, లోపల ఏదైన చేరినదా అనునవి మూడింటిని ప్రక్కప్రక్కన పెట్టి చూచినప్పుడే వైద్యునికి తెలియును. అతడు మూడు ఫిలుములను తేదీల వరుసలో పేర్చి, సంచిలో పెట్టుకొని వెళ్ళెను.